బేలర్ ముడి వదిలేస్తోందా? స్పానర్ పట్టే ముందు తెగిన దారం చూడండి

సాంబా వరి కోతలు మొదలయ్యాయంటే చెన్నైకి ఉత్తరాన పొన్నేరి, మీంజూరు, గుమ్మిడిపూండి చుట్టుపక్కల బేలర్లకు, అంటే గడ్డిని కట్టలు కట్టే మిషన్లకు, తీరిక దొరకదు. హార్వెస్టర్ వదిలి వెళ్లిన వరిగడ్డిని మంచు దిగేలోపు కట్టలు కట్టి లారీకి ఎత్తాలి. రెడ్‌హిల్స్, మాధవరం వైపు ఆవులూ గేదెలూ పెట్టుకున్నవాళ్లు గడ్డి ఎప్పుడొస్తుందని ఫోన్లు చేస్తూనే ఉంటారు. సరిగ్గా అప్పుడే ఒక పక్క ముడి పడటం ఆగిపోతుంది. కట్ట బయటికి రాగానే దారం జారి, గడ్డి మళ్లీ చేలోనే పరుచుకుంటుంది.

ఇలాంటప్పుడు ఎక్కువమంది చేసేది ఒకటే. స్పానర్ తీసుకుని నాటర్ (దారానికి ముడి వేసే భాగం) మీద కనిపించిన నట్టునల్లా కాస్త బిగిస్తారు, లేదంటే కాస్త వదులు చేస్తారు. గంట గడిచేసరికి నాలుగైదు సెట్టింగులు మారిపోయి ఉంటాయి. మొదట ఏది ఎంత బిగువులో ఉందో ఎవరికీ గుర్తుండదు. అందుకే మొదటే చెప్తున్నాను: ముడి తప్పిన దారాన్ని పారేయకండి. తప్పు ఎక్కడుందో ఆ దారం కొసలే చెబుతాయి. వాటిని చూసి, కారణం ఇదీ అని ఒకటి అనుకుని, ఆ ఒక్కటే మార్చండి.

ఇది చదరపు కట్టలు కట్టే బేలర్ల గురించి. సుమారు 36 సెంటీమీటర్ల ఎత్తు, 46 సెంటీమీటర్ల వెడల్పుతో, రెండు దారాలతో కట్టలు కడతాయే, అవి. గుండ్రటి కట్టలు వేసే మినీ రౌండ్ బేలర్‌లో నాటర్ ఉండదు. అందులో దారం కట్ట చుట్టూ చుట్టుకుని తెగిపోతుంది, ముడి పడదు. మీది ఆ రకం అయితే ఇందులో దారం గురించి రాసినంత వరకే మీకు పనికొస్తుంది.

ముందు బండి ఆపాలి

పీటీఓ (ట్రాక్టర్ నుంచి బేలర్‌ను తిప్పే షాఫ్ట్) తీసేయండి, ఇంజిన్ ఆపండి, తాళం చెవి జేబులో వేసుకోండి. ఇంజిన్ ఆగినా ఫ్లైవీల్ కాసేపు తిరుగుతూనే ఉంటుంది. అది పూర్తిగా నిలిచేదాకా నాటర్ దగ్గరికి చెయ్యి పోనివ్వకండి. మిషన్ ట్రిప్ అయి ఉంటే, అంటే ముడి వేసే వరుస మొదలై మధ్యలో ఆగి ఉంటే, ఇంకా ప్రమాదం. అవతల ఎవరైనా ఫ్లైవీల్‌ను కొంచెం కదిపినా ఇవతల సూదులు లేస్తాయి, కత్తి కదులుతుంది. ఫ్లైవీల్ తిప్పే మనిషి ఒక్కడే ఉండాలి. తిప్పే ముందు గట్టిగా చెప్పాలి, అవతలి మనిషి సరే అన్నాకే తిప్పాలి. నడుస్తున్న బేలర్‌లో ఇరుక్కున్న దారాన్ని చేత్తో లాగడం ఎంత అనుభవం ఉన్నవాళ్లయినా చేయకూడని పని. ట్రాక్టర్ మీద కూర్చున్నవాళ్లకు మీ చెయ్యి ఎక్కడుందో కనిపించదు.

ముడి ఎలా పడుతుందో ఒకసారి కళ్లతో చూడండి

ఇది తెలియకపోతే మిగతాదంతా గుడ్డిగా చేసినట్టే. దారం పెట్టెలోంచి వచ్చి, దాన్ని బిగువుగా ఉంచే టెన్షనర్ దాటి సూది కన్నంలోంచి వెళ్తుంది. దాని కొసను పైన నాటర్‌లోని డిస్క్, హోల్డర్ కలిసి నొక్కి పట్టుకుని ఉంటాయి. గడ్డి నిండుతున్నకొద్దీ దారం కట్ట పైభాగం మీదుగా, వెనక వైపు నుంచి, అడుగుగా చుట్టుకుంటూ వస్తుంది. ఇది పాత పోగు. కట్ట పొడవు చాలిందని పళ్ల చక్రం చెప్పగానే ట్రిప్ ఆర్మ్ వదులుతుంది, క్లచ్ పట్టుకుంటుంది, సూదులు కింది నుంచి లేచి రెండో పోగును పైకి తెస్తాయి. ఇది సూది పోగు.

ఇప్పుడు రెండు పోగులూ బిల్ హుక్ (ముడి చుట్టే ముక్కులాంటి కొక్కెం) మీద పక్కపక్కనే పడాలి. సూది పోగును సరైన చోటికి తోసేది ట్వైన్ ఫింగర్. డిస్క్ తిరిగి దాన్ని కూడా పట్టుకుంటుంది. బిల్ హుక్ ఒక పూర్తి చుట్టు తిరుగుతుంది. తిరిగేటప్పుడు దారం దాని మీద ఉచ్చులా చుట్టుకుంటుంది. చుట్టు పూర్తి కావస్తుండగా దాని నాలుక తెరుచుకుని, డిస్క్ వైపున్న రెండు కొసలను నోట కరుచుకుంటుంది. అప్పుడు కత్తి డిస్క్‌కూ బిల్ హుక్‌కూ మధ్య దారాన్ని తెంపుతుంది. వైపర్ ఆర్మ్ వచ్చి ఉచ్చును బిల్ హుక్ మీద నుంచి తోసేస్తుంది. నాలుక పట్టుకున్న కొసల మీదుగా ఉచ్చు జారి బిగుసుకుంటుంది. అదే ముడి. సూది వెనక్కి దిగిపోతుంది, డిస్క్‌లో మిగిలిన కొస తర్వాతి కట్టకు పాత పోగవుతుంది.

1870ల చివర్లో అమెరికాలోని విస్కాన్సిన్‌లో జాన్ ఆపిల్‌బీ అనే ఆయన పంట కోసి కట్టే బైండర్‌కు దారం ముడి యంత్రాన్ని కుదిర్చాడు. ఇవాళ మీ చేలో తిరుగుతున్న నాటర్ పనిచేసే పద్ధతి దాదాపు అదే. అంత కాలంగా నిలిచిన యంత్రం ఉన్నట్టుండి చెడిపోదు. ముడి తప్పితే కారణం చాలాసార్లు నాటర్ బయటే దొరుకుతుంది.

ఈ వరుసను ఖాళీ మిషన్‌లో చూడాలంటే ఇంజిన్ ఆపి, ట్రిప్ ఆర్మ్‌ను చేత్తో వదిలి, ఒకరు ఫ్లైవీల్‌ను అది మామూలుగా తిరిగే దిశలోనే మెల్లగా తిప్పాలి. వెనక్కి తిప్పకండి. రెండో మనిషి దూరంగా నిలబడి చూడాలి. దారం ఎక్కించి ఒకసారి, దారం లేకుండా ఒకసారి చూస్తే పుస్తకం చదివినదానికన్నా బాగా అర్థమవుతుంది.

దారాన్ని చదవడం

విప్పుకుపోయిన కట్ట దగ్గరికి వెళ్లి దారాన్ని ఉన్నది ఉన్నట్టు చూడండి. కట్ట పైనుంచి, వెనక వైపు నుంచి వచ్చిన కొస పాత పోగు. ట్రాక్టర్ వైపు అడుగు నుంచి లేచిన కొస సూది పోగు. రెండు కొసలనూ అరచేతిలో పెట్టుకుని వెలుతురులో పరీక్షగా చూడండి. ముడి ఏ పోగులో ఉంది? కొస కత్తితో తెగినట్టు నున్నగా ఉందా, పీచు లేచి ఉందా? ఎక్కడైనా నొక్కుకుపోయిన గుర్తు ఉందా?

సూది పోగులో ముడి ఉండి, పాత పోగు కొస మామూలుగా ఉంటే, పాత పోగు ముందే డిస్క్‌లోంచి జారిపోయిందని అర్థం. కొస నున్నగా, కొంచెం చదునుగా నొక్కుకుని ఉంటే హోల్డర్ వదులుగా ఉన్నట్టు, లేదా కట్టను మరీ బిగువుగా కడుతున్నట్టు. అదే కొస చింపిరిగా పీచులు లేచి ఉంటే దానికి ఎదురు: హోల్డర్ మరీ బిగుసుకుని డిస్క్ దారాన్ని నమిలేస్తోంది, లేదా డిస్క్ అంచు పదునెక్కింది. చూశారుగా, ఒకే లక్షణానికి రెండు ఎదురు కారణాలు. కొస చూడకుండా నట్టు తిప్పితే సగంసార్లు తప్పు వైపే తిప్పుతాం.

పాత పోగులో ముడి ఉండి సూది పోగు ఖాళీగా ఉంటే, రెండో పోగు బిల్ హుక్ మీదికి చేరలేదు. సూది పైకి సరిగ్గా రావడం లేదు, ట్వైన్ ఫింగర్ పూర్తిగా తోయడం లేదు, లేదంటే పెట్టె దగ్గర టెన్షన్ చాలక దారం లూజుగా వేలాడుతోంది. మధ్యలో గడ్డి పోచలు అడ్డం పడినా ఇంతే. దీనికి తోడు తర్వాతి కట్టకు ఆ పక్క దారమే రాకపోతే, సూది పోగును డిస్క్ కూడా పట్టుకోలేదన్నమాట. సూదినీ ఫింగర్‌నూ ముందు చూడండి.

రెండు కొసల్లోనూ ముడి లేదు, కానీ వంకరలు తిరిగిన గుర్తులున్నాయంటే బిల్ హుక్ తిరిగింది, ఉచ్చు వేసింది, నాలుక మాత్రం కొసలను గట్టిగా పట్టలేదు. నాలుక స్ప్రింగు వదులుగా ఉండొచ్చు, నాలుకను తెరిచే చిన్న రోలర్ అరిగి ఉండొచ్చు. వంకరలే లేకుండా రెండు కొసలూ తిన్నగా ఉంటే బిల్ హుక్ అసలు తిరగలేదేమో చూడండి. దాన్ని తిప్పే చిన్న పళ్ల చక్రం (పినియన్) పిన్ను తెగితే ఇలాగే అవుతుంది.

ముడి పడింది కానీ ముడి పక్కనే దారం తెగింది, లేదా ముడి బిల్ హుక్ మీదే వేలాడుతోంది. ఇది నాలుక మరీ బిగువుగా ఉన్నప్పుడు వస్తుంది. వైపర్ ఆర్మ్ బిల్ హుక్‌ను సరిగ్గా రాసుకోకపోయినా, బిల్ హుక్ తుప్పుపట్టి గరుకుగా ఉన్నా ఇదే వస్తుంది. వేలాడే ముడిని తీయకుండా వదిలేస్తే తర్వాతి దారం కూడా దాన్నే చుట్టుకుంటుంది, చూస్తుండగానే పెద్ద ఉండ అవుతుంది. దాన్ని కత్తితో కోసి తీయాలి. లాగితే నాలుక వంగుతుంది.

కొసలు రెండూ ఎగుడుదిగుడుగా, చీరుకుపోయి ఉంటే కత్తి మొద్దుబారింది. ఇది అన్నిటికన్నా తేలికైనది, అన్నిటికన్నా ఎక్కువగా పట్టించుకోనిది కూడా. కత్తి తీసి సానబెట్టండి, అరిగిపోతే మార్చండి.

ముడి చక్కగా ఉంది, కట్ట బయటికి వచ్చాక దారం మధ్యలో తెగింది అంటే నాటర్ జోలికి పోకండి. కట్ట బిగువు ఎక్కువైంది, లేదా దారం బలహీనంగా ఉంది.

ఒక పక్కా, రెండు పక్కలా?

మీ బేలర్‌లో రెండు నాటర్లు ఉండటం మీకు మంచి అవకాశం. ఒకటి చక్కగా పనిచేస్తుంటే అదే మీకు మాన్యువల్. చెడ్డదాని పక్కన పెట్టి పోల్చండి. రెండూ ఒకేసారి తప్పుతుంటే కారణం రెండింటికీ ఉమ్మడిగా ఉండేది: గడ్డి తడి, కట్ట బిగువు, ఒకే ప్యాకెట్‌లోంచి వచ్చిన దారం, నాటర్ షాఫ్ట్ బ్రేకు, సూదులు లేచే టైమింగు.

ఒక్క పక్కే తప్పుతుంటే ముందు దారం రోల్స్‌ను అటుదిటు, ఇటుదటు మార్చండి. పొన్నేరి దగ్గర ఒక చేలో కుడి నాటర్ వరసగా ముడి దగ్గర తెంపుతోంది. "అన్నా, నాటర్ పోయిందన్నా, కొత్తది తెప్పించాల్సిందే" అని డ్రైవర్ తీర్మానం చేసేశాడు. రోల్స్ మార్చి నడిపితే ఎడమ పక్క తెగడం మొదలైంది. ఆ రోల్ కిందటి సీజన్‌లో మిగిలినది, వేసవంతా ట్రైలర్ మీద ఎండలో ఉండిపోయింది. దారాన్ని వేళ్ల మధ్య నలిపితే పొట్టులా రాలి వేళ్లకు అంటుకుంది. ప్లాస్టిక్ దారానికి ఎండ పడదు, నార దారానికి తడి పడదు. రోల్ మార్చడానికి అయిదు నిమిషాలు చాలు. నాటర్ విప్పితే ఆ పూట పని పోయినట్టే.

నాటర్‌ను ముట్టుకునే ముందు బయటివి చూడండి

దారం రోల్ లోపలి కొస నుంచి రావాలి. రెండు రోల్స్ కలిపేటప్పుడు మొదటి రోల్ బయటి కొసను రెండో రోల్ లోపలి కొసకు ముడి వేయాలి. ముడి చిన్నగా, గట్టిగా ఉండాలి. మిగిలిన తోకలను ఒక సెంటీమీటర్ దగ్గర కత్తిరించండి. తోక పొడుగైతే టెన్షనర్‌లోనో సూది కన్నంలోనో చిక్కుకుంటుంది, సరిగ్గా ఆ ఒక్క కట్టకే ముడి తప్పుతుంది. ఎప్పుడో ఒకసారి మాత్రమే తప్పే ముడికి ఇది బాగా తరచుగా కనిపించే కారణం.

పెట్టె దగ్గరి టెన్షనర్‌లోంచి దారాన్ని చేత్తో లాగి చూడండి. జారుకుంటూ రాకూడదు, ఇబ్బంది పెట్టకూడదు, ఒకే బిగువుతో రావాలి. రెండు పక్కలూ లాగి పోల్చండి. టెన్షనర్ ప్లేట్ల మధ్య దారం పొట్టు, దుమ్ము పేరుకుని ఉంటాయి, తుడవండి. సూది వెనక్కి దిగాక దారం ఎక్కడా వేలాడకూడదు.

నారతో కట్టి ప్లాస్టిక్‌కి మారారా? ప్లాస్టిక్ దారం జారుతుంది, సాధారణంగా సన్నగా ఉంటుంది. హోల్డర్ బిగువు కొంచెం పెంచాల్సి రావచ్చు. కొత్త కంపెనీ దారం తెచ్చినా ఇదే. దారం మార్చిన రోజే ముడి తప్పడం మొదలైతే నాటర్‌ను అనుమానించకండి, దారానికి తగ్గట్టు సర్దండి.

ఇక గడ్డి. మన వైపు హార్వెస్టర్ గడ్డిని నలగ్గొట్టి వదులుతుంది. పొట్టు ఎక్కువ, పొడి ఎక్కువ. అది నాటర్ కింద, ట్వైన్ ఫింగర్ దారిలో, డిస్క్ గాడుల్లో మేటవేస్తుంది. తడి గడ్డయితే అక్కడే అంటుకుని గట్టిపడుతుంది. రోజుకు రెండుసార్లైనా, ఇంజిన్ ఆపాక, బ్రష్‌తోనో గాలితోనో ఊది శుభ్రం చేయండి. పని రద్దీలో ఇది వదిలేయడమే చాలా ముడులు తప్పడానికి మూలం. విప్పి, బిగించి, వందసార్లు తిప్పి చివరికి డిస్క్ గాడిలో అణిగిన పిడికెడు పొట్టు దొరికితే కొండను తవ్వి ఎలుకను పట్టినట్టవుతుంది.

పులికాట్ గాలి తగిలే చేలల్లో సాయంత్రానికి గడ్డి మెత్తబడుతుంది. మధ్యాహ్నం పొడిగా ఉన్నప్పుడు పెట్టిన బిగువుతోనే సాయంత్రం నడిపితే, తడి గడ్డి, కట్ట తయారయ్యే చాంబర్ గోడలను ఎక్కువ ఒరుసుకుని కట్ట మరీ గట్టిగా వస్తుంది. దారం లాగుకుపోతుంది, పాత పోగు డిస్క్‌లోంచి ఊడుతుంది. పొద్దు వాలుతుంటే బిగువు హ్యాండిళ్లను కొంచెం వదలండి. గడ్డిలో తేమ 20 శాతం దాటితే బేలింగ్ ఆపడమే మంచిది. ముడి సంగతి అటుంచండి, ఆ గడ్డి లోపల వేడెక్కి బూజు పడుతుంది.

కట్ట ఆకారం కూడా చూడండి. అరటికాయలా వంగి వస్తోందంటే ఒక పక్క గడ్డి ఎక్కువ పడుతోంది, ఆ పక్క దారం ఎప్పుడూ ఎక్కువ బరువు మోస్తుంది. వరుసలో గడ్డిని సమంగా పోగేయించాలి, బండిని వరుస మధ్యగా నడపాలి. కట్ట కోసిన పక్క గరుకుగా, పోచలు వేలాడుతూ ఉంటే, గడ్డిని చాంబర్‌లో కొట్టి అదిమే ప్లంజర్‌కున్న కత్తి మొద్దుబారింది. ఆ పోచలు సూదితో పాటు పైకి వెళ్లి ముడిలో ఇరుక్కుంటాయి. చాంబర్‌లో గడ్డిని వెనక్కి రాకుండా ఆపే కొక్కేలు విరిగినా గడ్డి ప్లంజర్ వెంటే వెనక్కి తన్ని, సూది దారికి అడ్డం వస్తుంది. వాటిని లెక్కపెట్టి, ఒక్కోదాన్ని చేత్తో నొక్కి స్ప్రింగు పనిచేస్తోందా చూడండి.

పీటీఓ 540 ఆర్‌పీఎంకు సెట్ చేసిన మిషన్‌ను ఆ వేగంలోనే నడపండి. డీజిల్ మిగులుతుందని తగ్గించి నడిపితే గడ్డి తినిపించడం, ప్లంజర్ దెబ్బ రెండూ తేడా పడతాయి.

ఇప్పుడు నాటర్

ఇదంతా చూశాక కూడా ముడి తప్పుతుంటేనే ఇక్కడికి రండి. తిప్పబోయే ప్రతి నట్టు మీద, దాని పక్కన బాడీ మీద సుద్దతోనో మార్కర్‌తోనో ఒకే గీత గీయండి. ఫోన్‌తో ఫొటో కూడా తీసి పెట్టుకోండి. పావు చుట్టు కన్నా ఎక్కువ తిప్పకండి. తిప్పాక అయిదారు కట్టలు కట్టి చూడండి. మెరుగుపడకపోతే గీత దగ్గరికి తెచ్చేసి మరొకటి చూడండి. ఒకేసారి రెండు మార్చితే ఏది పనిచేసిందో మీకు ఎప్పటికీ తెలియదు.

బిల్ హుక్‌తో మొదలుపెట్టండి. దాన్ని వేలితో తడిమి చూడాలి. నున్నగా, మెరుస్తూ ఉండాలి. తుప్పు, గరుకు ఉంటే సన్నని ఎమరీ పేపర్‌తో దారం జారే దిశలోనే రుద్దండి. దారం ఒరిపిడికి గాడి పడి ఉంటే రుద్ది లాభం లేదు, మార్చాలి. నాలుక పక్కలకు ఊగకూడదు. నాలుక వెనకున్న రోలర్ వేలితో తిప్పితే తేలిగ్గా తిరగాలి. ఆ రోలర్ బిగుసుకుపోతే ఒక పక్కే అరిగిపోతుంది, నాలుక సరిగ్గా తెరుచుకోదు. ఇంత చిన్న ముక్క కోసం మిషన్ మొత్తం ఆగిపోతుంది. అందుకే నేను ఎప్పుడు బేలర్ చూసినా ముందు దీన్నే తిప్పి చూస్తాను.

తర్వాత నాలుక స్ప్రింగు. దారం చెప్పిన మాటను బట్టి వదలడమో బిగించడమో చేయండి. ముడి వేలాడితే లేదా ముడి దగ్గర తెగితే కొంచెం వదలండి. కొసలు వంకరగా ఉండి ముడి లేకపోతే కొంచెం బిగించండి.

హోల్డర్‌ను సరిచూడాలంటే ఒక ముడి పడ్డాక ఇంజిన్ ఆపి, డిస్క్‌లో ఉన్న దారాన్ని చేతికి గుడ్డ చుట్టుకుని లాగండి. సులువుగా ఊడి రాకూడదు. గట్టిగా లాగినప్పుడు వచ్చిన దారం నలిగి పీచుపీచుగా ఉండకూడదు. మంచి నాటర్ దారాన్ని లాగి, చెడ్డదాని బిగువు దానికి దగ్గరగా తేవడం అన్నిటికన్నా నమ్మకమైన దారి.

వైపర్ ఆర్మ్ వెళ్లేటప్పుడు బిల్ హుక్‌ను మెత్తగా రాసుకుంటూ పోవాలి. ఖాళీ ఉంటే ముడిని తోయలేదు, మరీ ఒత్తుకుంటే రెండూ అరుగుతాయి. దీన్ని వంచి సరిచేసే మిషన్లున్నాయి. ఎలా వంచాలో మాన్యువల్‌లో చూశాకే చేయండి. ట్వైన్ ఫింగర్ వంగిందా, దారాన్ని బిల్ హుక్ దాటి తోస్తోందా అన్నది చేత్తో మెల్లగా తిప్పినప్పుడు తెలుస్తుంది.

సూదులు. మొన వంగితే, కన్నంలో గాడి పడితే దారం డిస్క్ గాడికి చేరదు. సుత్తితో కొట్టి తిన్నగా చేయబోకండి, కొన్ని రకాలు విరుగుతాయి. సూదులు లేచినప్పుడు ప్లంజర్ ఎక్కడుండాలన్నది ప్రతి మిషన్‌కూ వేరు. ఆ కొలత మాన్యువల్ చూసి కొలవాల్సిందే. ఈ టైమింగ్ తప్పితే ప్లంజర్ వచ్చి సూదులను కొడుతుంది. ముడి వేసే సమయంలోనే ఫ్లైవీల్ షీర్ బోల్ట్ తెగుతోందంటే ముందు ఇదే అనుమానించండి. తెగిన బోల్ట్ బదులు గట్టి బోల్ట్ బిగించకండి. అది తెగడానికే అక్కడుంది. అది తెగకపోతే సూదులు విరుగుతాయి, ఆ ఖర్చు బోల్ట్ ధరతో పోల్చేది కాదు.

నాటర్ షాఫ్ట్ చివరి బ్రేకును చాలామంది మర్చిపోతారు. పని అయ్యాక సూదులు పూర్తిగా కిందికి వచ్చి నిలబడాలంటే అది పట్టుకోవాలి. దాని మీద గ్రీజు, నూనె పడకూడదు. సూదులు తమ చోటికి చేరకుండా ఊగుతుంటే బ్రేకు లైనింగ్ తుడిచి, బిగువు చూడండి.

గ్రీజు నిప్పల్స్‌కు మాన్యువల్ చెప్పినంత తరచుగా గ్రీజు కొట్టండి. కొట్టాక బయటికి వచ్చిన గ్రీజును డిస్క్ నుంచి, బిల్ హుక్ నుంచి తుడిచేయండి. జిడ్డుకు పొట్టు అంటుకుని మొదటికే మోసం వస్తుంది.

స్పేర్లు

బేరింగులు, సాధారణ బోల్టులు, స్ప్రింగ్ వాషర్లు అంబత్తూరు వైపు అంగళ్లలో తేలిగ్గా దొరుకుతాయి. పుదుపేటలో పాత వాహనాల సామాన్లు ఎన్ని దొరికినా బిల్ హుక్, నాలుక, డిస్క్, దాని స్ప్రింగులు అక్కడ వెతకకండి. అవి మీ నాటర్ మోడల్‌కు సరిపోయినవే కావాలి. పాత ముక్క తీసుకెళ్లి, దాని మీద అచ్చువేసిన నంబరు చూపించి కొనండి. పొడుగు ఒకటే ఉందని వేరే స్ప్రింగు వేస్తే దాని బలం వేరు, మీ సెట్టింగులన్నీ తప్పుతాయి. సీజన్ మొదలవకముందే ఒక నాలుక, దాని రోలర్, ఒక స్ప్రింగు, కత్తి, పిన్నులు, కొన్ని షీర్ బోల్టులు టూల్ బాక్స్‌లో ఉంచుకోండి. ఊత్తుకోట అవతల చేలో మిషన్ ఆగితే వాటికోసం సిటీకి వచ్చి వెళ్లేసరికి పొద్దు పోతుంది.

కొత్త బిల్ హుక్ వేశాక మొదటి కొన్ని కట్టలకు ముడి కాస్త ఇబ్బంది పెట్టవచ్చు. కొత్త ముక్క మీద రంగు, తుప్పు రాకుండా పూసిన పొర ఉంటాయి. ముందే ఎమరీతో తీసేస్తే బాధ తగ్గుతుంది. కొత్తదానికి పాత స్ప్రింగు బిగువు సరిపోకపోవచ్చు. దారం చూసి మళ్లీ సర్దుకోండి.

పని లేని రోజుల్లో

అక్టోబర్, నవంబర్ వానల్లో మన బేలర్లు ఖాళీగా ఉంటాయి. ఉప్పుగాలి, తేమ కలిసి బిల్ హుక్‌ను పాడుచేసేది అప్పుడే. వానలకు ముందు వచ్చే సొర్ణవారి పంట గడ్డి అయిపోయాక నాటర్లోంచి, సూదుల్లోంచి దారం పూర్తిగా తీసేయండి. దారం చెమ్మ పట్టి డిస్క్‌కు తుప్పు ఎక్కిస్తుంది. గాలితో ఊది, గుడ్డతో తుడిచి, బిల్ హుక్, డిస్క్, సూది మొనలకు పల్చగా గ్రీజు పూయండి. కట్ట బిగువు హ్యాండిళ్లు వదిలేయండి. చాంబర్‌లో గడ్డి ఉంచకండి, ఎలుకలు చేరతాయి. మిగిలిన దారం రోల్స్‌ను నేల మీద కాకుండా పలక మీద, ఎండ పడని చోట పెట్టండి.

సాంబా కోతలకు ముందు గ్రీజు మొత్తం తుడిచి, దారం ఎక్కించి, ఇంజిన్ ఆపి చేత్తో రెండు పక్కలా ముడి వేయించి చూడండి. తర్వాత ఇంటి దగ్గర ఉన్న పాత గడ్డితో కొన్ని కట్టలు కట్టి, ప్రతి ముడినీ వేలితో లాగి పరీక్షించండి. ఆ రోజు దొరికిన తప్పును సరిచేసుకోవడానికి మీకు తీరిక ఉంటుంది. చేలో హార్వెస్టర్ ముందు నడుస్తుండగా ఆ తీరిక ఉండదు.